ప్రాసెసర్ కింద పిన్నులు ఎక్కడికి పోయాయి? సర్వర్ సాకెట్ చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న పని చరిత్ర చెప్పుకుందాం. సర్వర్‌లో ప్రాసెసర్ బిగించడం. తెలిసినవాళ్ళు చేస్తే పది పదిహేను నిమిషాల పని. దీనికి చరిత్ర ఏముంటుంది అనుకోవచ్చు. కానీ ఇవాళ పెద్ద సర్వర్ ప్రాసెసర్లలో కొన్ని ఒక్కోటి పదివేల డాలర్లు దాటాయి. అంటే లక్షల్లో మాట. దాని కింద ఉండే బోర్డు ఖరీదు వేరే. ఆ రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టే ఆ ఒక్క క్షణంలో చెయ్యి అదిరితే రెండూ పోవచ్చు.

దీన్ని సాధారణంగా ఒక జాగ్రత్తల పట్టికలా చెబుతారు. ఇది చెయ్యండి, అది చెయ్యకండి అని. పట్టిక బట్టీ పట్టినవాడికి ఆ జాగ్రత్త ఎందుకు పుట్టిందో తెలియదు. కొత్త రకం సాకెట్ వచ్చేసరికి పాత అలవాటుతోనే పాడు చేస్తాడు. నేను గమనించింది ఏంటంటే, ఈ యాభై ఏళ్ళలో ఇంజినీర్లు ప్రమాదాన్ని పూర్తిగా తీసేసింది ఎప్పుడూ లేదు. ఒక చోట నుంచి తీసి ఇంకో చోట పెట్టారు, అంతే. ముందు మన బొటనవేలి బలంలో ఉండేది, తర్వాత పిన్నులోకి వెళ్ళింది, తర్వాత సిలికాన్ అంచుకి, ఆ తర్వాత బోర్డు మీదకి, ఇప్పుడు స్క్రూడ్రైవర్‌లోకి. ఆ ప్రయాణం ఎలా జరిగిందో చూద్దాం.

మొదటి నుంచి వద్దాం. 1971లో వచ్చిన ఇంటెల్ 4004కి కాళ్ళు 16. 1978లో వచ్చిన 8086కి 40. రెండు వైపులా వరసగా కాళ్ళు, చూడ్డానికి అచ్చం జెర్రిలా ఉంటుంది. సాకెట్ మీద పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కడమే. ఒక కాలు రంధ్రంలోకి దిగకుండా లోపలికి మడత పడిందనుకోండి, పైనుంచి చూస్తే కనబడదు. అన్నీ దిగినట్టే ఉంటుంది, మెషీన్ మాత్రం లేవదు. ఒక చివర చిన్న గాటు ఉంటుంది, అది ఎటు ఉండాలో చూసుకోవాలి. తిరగేసి పెట్టి కరెంట్ ఇస్తే చిప్ పోయినట్టే. ఇక తీసేటప్పుడు అయితే చాలామంది స్క్రూడ్రైవర్ కిందకి దూర్చి పైకి లేపేవారు. ఒక వైపే ఎక్కువ లేపితే రెండో వైపు కాళ్ళు వంకర.

ఇక్కడ మన ఊరి ముచ్చట ఒకటి. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్‌ని బయటికి తెచ్చింది. చూశారా, 4004 కంటే రెండేళ్ళు ముందు! అప్పటికి ఒకే చిప్‌లో ప్రాసెసర్ అన్న మాటే లేదు. ప్రాసెసర్ అంటే చాలా సర్క్యూట్ బోర్డులు కలిసి చేసే పని. కాబట్టి ఆ రోజుల్లో ప్రాసెసర్ బిగించడం, తియ్యడం అనే ప్రశ్న ఇవాళ మనం అనుకునే రూపంలో లేదు. చిప్ చిన్నదై, మొత్తం బుర్ర ఒక్క ముక్కలోకి వచ్చాక ఈ తలనొప్పి మొదలైంది.

1985లో 386 వచ్చింది. కాళ్ళు 132. రెండు వైపులా పెట్టడానికి చోటు చాలదు కాబట్టి పిన్నుల్ని కిందవైపు చదరంగా గడులు గడులుగా నాటారు. ఒక చిన్న లెక్క చెప్తాను, సరదాగా ఉంటుంది. అడ్డం 14, నిలువు 14, మొత్తం 196. మధ్యలో 8కి 8, అంటే 64 ఖాళీ వదిలేశారు. మిగిలింది 132. 1989లో వచ్చిన 486 చూడండి. 17కి 17 అంటే 289. మధ్యలో 11కి 11, అంటే 121 ఖాళీ. మిగిలింది 168. లెక్క సరిగ్గా సరిపోయింది కదా. సరిగ్గా సరిపోవడమే ఇక్కడ సమస్య! నాలుగు వైపులా ఒకేలా ఉన్న చదరం కాబట్టి చిప్‌ని ఎటు తిప్పి పెట్టినా రంధ్రాల్లోకి దిగుతుంది. నాలుగు దిక్కుల్లో ఒక్కటే సరైనది. మూలలో ఉన్న కోత, చుక్క చూసుకుని పెట్టడం తప్ప వేరే అడ్డు లేదు. తర్వాత వచ్చిన సాకెట్లలో ఒక మూల 169వ రంధ్రం ఒకటి అదనంగా పెట్టారు. దానికి తగ్గ పిన్ను ఉన్న చిప్ తప్పు దిక్కులో అసలు దిగదు. ఆ ఒక్క పిన్ను ఎన్ని చిప్‌ల ప్రాణం కాపాడి ఉంటుందో ఆలోచించండి. ఇవాళ మనం ప్రాసెసర్ మూలలో చూసే బంగారు రంగు త్రికోణం, పక్కన కనబడే గాట్లు, ఇవన్నీ ఆ పిన్ను వారసులే.

దిక్కు సరే. బలం సంగతి ఏంటి? 169 రంధ్రాల మామూలు సాకెట్‌లో చిప్‌ని దించాలంటే సుమారు 45 కిలోల బలం కావాలి. అంటే ఒక బియ్యం బస్తా బరువుకి దగ్గర దగ్గర, బొటనవేళ్ళతో నొక్కాలి. తక్కువ బలంతో దిగే సాకెట్లు అని వేరే చేశారు, వాటికీ 27 కిలోలు కావాలి. ఇంత బలం పెడితే చిప్‌కి ఏమీ కాకపోయినా కింద బోర్డు వంగిపోతుంది. బోర్డు లోపల సన్నటి రాగి గీతలు, టంకం అతుకులు ఉంటాయి. అవి చిట్లితే ఆ రోజు తెలియదు. నెల తర్వాత, మెషీన్ వేడెక్కినప్పుడు మాత్రమే ఆగిపోయే రోగం వస్తుంది. సర్వర్‌కి ఇంతకంటే చెడ్డ జబ్బు లేదు.

పెద్ద యంత్రాల ప్రపంచంలో దీనికి జవాబు అప్పటికే ఉంది. 1980 నవంబర్‌లో ఐబీఎం 3081 అనే మెయిన్‌ఫ్రేమ్‌ని ప్రకటించింది. దాంట్లో వందకు పైగా చిప్‌లని ఒకే పింగాణీ పలక మీద కూర్చారు. ఆ పలక లోపల 33 పొరల వైరింగ్. ఒక్కో చిప్ వెనక స్ప్రింగ్‌తో నొక్కే చిన్న పిస్టన్, లోపల ఖాళీలో హీలియం వాయువు, పైన చల్లటి నీళ్ళు పారే పలక. ఈ మొత్తం డబ్బాకి కింద 1800 పిన్నులు. ఇందాకటి 486 సాకెట్ లెక్కే వేసుకుంటే దీన్ని నొక్కడానికి దాదాపు 480 కిలోల బలం కావాలి. మనిషి వల్ల అయ్యే పని కాదు. అందుకని బలం పెట్టకుండా పిన్నులు వదులుగా దిగి, దిగాక కనెక్టర్ బిగుసుకునే ఏర్పాటు చేశారు. పైగా కొన్నవాళ్ళు దాన్ని ముట్టుకునే పనే లేదు. ఐబీఎం సొంత ఇంజినీర్ వచ్చి, తన పనిముట్లతో మార్చి వెళ్ళేవాడు.

ఇదే ఆలోచన చిన్న మెషీన్లలోకి వచ్చింది. 486 కాలం చివర్లో, 1993లో పెంటియం వచ్చేసరికి సాకెట్ పక్కన ఒక చిన్న మీట కనబడింది. మీట పైకి ఎత్తితే రంధ్రాలు వదులవుతాయి, చిప్ తన బరువుతో తనే దిగుతుంది, మీట దించితే లోపల పట్టుకుంటుంది. నొక్కాల్సిన అవసరం పోయింది. ప్రాసెసర్ పెట్టడం అనే పని ఇంజినీర్ చేతి నుంచి అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సు నేర్చుకునే కుర్రాడి చేతికి వచ్చింది ఈ మీట వల్లే. నా ఉద్దేశంలో ఈ మొత్తం కథలో ఇంతకు మించిన మార్పు లేదు.

మరి ప్రమాదం పోయిందా? పక్కకి జరిగింది. ఇప్పుడు ప్రమాదం చిప్ కింద పిన్నుల్లో ఉంది. చెయ్యి జారి బల్ల మీద పడితే మూల పిన్నులు వంగుతాయి. ఇంకోటి, చాలా ఏళ్ళు నడిచిన మెషీన్‌లో థర్మల్ పేస్ట్ ఎండిపోయి బంకలా పట్టేస్తుంది. హీట్ సింక్‌ని నిలువుగా లాగితే, మీట బిగించి ఉన్నా సరే, ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి దాంతోపాటే వచ్చేస్తుంది. పిన్నులు వంకర్లు పోతాయి. అందుకే కాసేపు మెషీన్ నడిపి, పేస్ట్ మెత్తబడ్డాక ఆపి, హీట్ సింక్‌ని కుడికీ ఎడమకీ కొద్దిగా తిప్పి విడిపించాలి అని చెబుతారు.

మధ్యలో కొన్నాళ్ళు దారి తప్పినట్టు ఇంకో రకం వచ్చింది. 1997లో పెంటియం 2ని వీడియో గేమ్ కాసెట్ లాంటి డబ్బాలో పెట్టి స్లాట్‌లో నిలబెట్టారు. 1998లో మొదటి జియాన్‌కి 330 కాంటాక్టుల స్లాట్ 2. క్యాష్ మెమరీ చిప్‌లు వేరేగా ఉండేవి కాబట్టి వాటిని పక్కన పెట్టుకోవడానికి బోర్డు కావాల్సి వచ్చింది. క్యాష్ కూడా ప్రాసెసర్ లోపలికే వెళ్ళిపోయాక ఆ డబ్బా అవసరం తీరిపోయింది. మళ్ళీ సాకెట్‌కే వచ్చారు.

వచ్చాక ఏమైందంటే, ప్రమాదం చిప్ నెత్తి మీదకి ఎక్కింది. 2000 ప్రాంతంలో వచ్చిన పెంటియం 3లు, ఏఎండీ ఆథ్లాన్‌లు సిలికాన్ ముక్కని మూత లేకుండా పైకి వదిలేశాయి. హీట్ సింక్ నేరుగా దానికే తగలాలి, వేడి బాగా పోతుంది అని. సిలికాన్ అంటే గాజు లాంటిది. హీట్ సింక్‌ని కొంచెం వాలుగా పెట్టి క్లిప్ బిగిస్తే మూల పెళుసుగా విరిగేది. నాలుగు మూలలా రబ్బరు బిళ్ళలు అంటించారు గానీ అవి అన్నిసార్లూ కాపాడలేదు. ఆ క్లిప్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి తగిలించాలి. అది జారితే నేరుగా బోర్డు మీద గీత పడేది.

2001 సెప్టెంబర్‌లో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైట్ ఒక వీడియో పెట్టింది. నడుస్తున్న మెషీన్ల నుంచి హీట్ సింక్ తీసేశారు. పెంటియం 4 వేగం తగ్గించుకుని నడుస్తూనే ఉంది. పెంటియం 3 ఆగిపోయింది, కానీ చిప్ బతికింది. ఆథ్లాన్ క్షణాల్లో కాలి పొగ వచ్చింది. సర్వర్ల కోసం అమ్మే ఆథ్లాన్ ఎంపీ కూడా పోయింది. దాంట్లో వేడిని కొలిచే డయోడ్ ఉంది, ఆ బోర్డు దాన్ని వాడుకోలేదు. అంటే ప్రమాదాన్ని చిప్ పసిగట్టగలదు, వినేవాళ్ళు లేరు. ఆ తర్వాత వేడెక్కితే తనంతట తనే ఆగిపోవడం అన్ని ప్రాసెసర్లకీ మామూలైంది. 2000లో పెంటియం 4 లోహపు మూతతో వచ్చింది, 2003లో ఏఎండీ సర్వర్ చిప్ ఆప్టెరాన్ కూడా మూతతోనే వచ్చింది. విరిగే భయం తగ్గింది.

ఇప్పుడు అసలు మలుపు. 2004లో ఇంటెల్ ఎల్‌జీఏ 775 తెచ్చింది. సర్వర్లలో 2006లో జియాన్‌కి 771, అదే ఏడాది ఆప్టెరాన్‌కి 1207. పిన్నులు ప్రాసెసర్ కింద నుంచి మాయమయ్యాయి. ప్రాసెసర్ అడుగున నున్నటి బంగారు పూత చుక్కలు మాత్రమే. పిన్నులు బోర్డు మీద సాకెట్‌లోకి వెళ్ళిపోయాయి. ఎందుకు? తక్కువ చోటులో ఎక్కువ కాంటాక్టులు పెట్టొచ్చు, కరెంట్, సిగ్నల్ వెళ్ళే దారి పొట్టిదవుతుంది. ఇవి నిజమైన కారణాలే. కానీ దీంతో ఇంకోటి కూడా జరిగింది. విరగడానికి వీలున్న వస్తువు ప్రాసెసర్ తయారుచేసేవాడి చేతిలోంచి బోర్డు తయారుచేసేవాడి చేతిలోకి మారింది. పిన్ను వంగితే ఇప్పుడు పోయేది బోర్డు.

ఆ సాకెట్ పిన్నుల్ని ఒకసారి భూతద్దంలో చూడండి. నిటారుగా ఉండవు. అన్నీ ఒక పక్కకి వాలి, వరి చేను గాలికి వాలినట్టు ఉంటాయి. ఒక్కోటీ ఒక చిన్న స్ప్రింగ్. ప్రాసెసర్‌ని నిలువుగా దించాలి, అంచు పట్టుకుని. దించాక పక్కకి జరపకూడదు, జరిపితే అది దువ్వెనలా పిన్నుల్ని లాగేస్తుంది. చొక్కా చెయ్యి తగిలినా, గుడ్డతో తుడిచినా అంతే. వేలు అసలే పెట్టకూడదు. ఆ సాకెట్ మీద వచ్చే ప్లాస్టిక్ మూతని పారెయ్యకుండా దాచుకోవాలి. రెండు సాకెట్ల సర్వర్‌లో ఒక్క ప్రాసెసరే పెడుతుంటే అది బోర్డులో మొదటి సాకెట్‌గా గుర్తించిన దాంట్లోకి వెళ్ళాలి, రెండో దాని మీద మూత అలాగే ఉండాలి. రెండో సాకెట్‌కి చెందిన మెమరీ స్లాట్లు, కార్డు స్లాట్లు పని చెయ్యవు, అది లోపం కాదు.

పిన్ను వంగితే ఎవరు కట్టాలి అన్నది చిన్న విషయం కాదండి. నాకు తెలిసిన ఒక చిన్న ఆఫీసుకి సర్వర్ బోర్డు వచ్చింది, మెమరీలో సగం కనబడలేదు. తిరిగి పంపితే, సాకెట్‌లో రెండు పిన్నులు వంగి ఉన్నాయి, ఇది మీ చేతి పని, వారంటీ వర్తించదు అన్నారు. పెట్టెలో వచ్చేటప్పుడే అలా ఉందా, వీళ్ళు పెట్టేటప్పుడు వంగిందా, తేల్చే సాక్ష్యం ఎవరి దగ్గరా లేదు. డబ్బు మాత్రం ఆఫీసుదే పోయింది. అప్పటినుంచి నేను అందరికీ చెప్పేది ఒకటే: పెట్టె తెరవగానే, మూత తియ్యగానే, ప్రాసెసర్ పెట్టకముందే, వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి సాకెట్‌ని ఫోన్‌తో రెండు మూడు ఫొటోలు తీసి ఉంచుకోండి. వాలిన పిన్నుల వరసలో ఏదైనా తేడాగా ఉంటే ఆ వెలుతురులో ఇట్టే తెలుస్తుంది. వంగినవాటిని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల సూదితో, భూతద్దంతో సరిచేసే ఓపిక ఉన్నవాళ్ళు ఉంటారు. కానీ ఆ పిన్ను ఒకసారి స్ప్రింగ్ గుణం పోగొట్టుకుంటే మళ్ళీ కొత్తదానిలా పట్టదు.

స్టాటిక్ కరెంట్ గురించి ఒక మాట. మన వేలికి చురుక్కుమని తెలియాలంటే దాదాపు 3000 వోల్టులు కావాలి. చిప్‌లకి అంతకంటే చాలా తక్కువే చాలు హాని జరగడానికి. అంటే మనకి తెలియకుండానే పాడుచెయ్యొచ్చు. గాలి పొడిగా ఉంటే ఇది ఎక్కువ. విశాఖ ఉక్కపోతలో కంటే హైదరాబాద్ చలికాలంలో, అందులోనూ ఏసీ సర్వర్ గదిలో, జాగ్రత్త ఎక్కువ కావాలి. మణికట్టుకి పట్టీ కట్టుకుని దాని క్లిప్‌ని సర్వర్ లోహపు చట్రానికి తగిలించడం చాదస్తం కాదు. పవర్ తీగలు మాత్రం ముందే పీకెయ్యాలి. సర్వర్లలో రెండు పవర్ సప్లైలు ఉంటాయి, ఒకటి పీకి రెండోది మర్చిపోయేవాళ్ళు చాలామంది.

ఇక 2017. ఆ ఏడాది సర్వర్ ప్రాసెసర్లు ఒక్కసారిగా అరచెయ్యి అంత అయ్యాయి. ఏఎండీ ఎపిక్ కింద 4094 కాంటాక్టులు, ఇంటెల్ జియాన్ స్కేలబుల్ కింద 3647. నాలుగు వేల స్ప్రింగుల్ని ఒకేసారి, సమానంగా నొక్కాలి. చిన్న మీట వల్ల అయ్యేది కాదు. రెండు కంపెనీలూ రెండు దారులు పట్టాయి. ఎపిక్‌లో ప్రాసెసర్‌కి ముందే ప్లాస్టిక్ చట్రం తొడిగి వస్తుంది. దాన్ని సాకెట్ మీది పట్టాలలోకి సొరుగులా తోసి, మూసి, పైన లోహపు ఫ్రేమ్ దించి మూడు స్క్రూలు బిగించాలి. ఆ చట్రం ప్యాకింగ్ అనుకుని ఊడదీసేవాళ్ళు ఉన్నారు. అది ఉండాల్సిందే. జియాన్‌లో ఇంకా విచిత్రం. ప్రాసెసర్‌ని ముందు ప్లాస్టిక్ క్లిప్‌తో హీట్ సింక్‌కే తగిలించి, రెండింటినీ కలిపి సాకెట్ మీద దించి, హీట్ సింక్ నాలుగు మూలలా స్క్రూలు బిగించాలి. నొక్కే పని హీట్ సింక్‌దే. హీట్ సింక్ వదులుగా ఉంటే వేడి పోదు అన్నది పాత మాట. ఇక్కడైతే మెమరీయే కనబడకపోవచ్చు.

అదీ సంగతి. ప్రమాదం ఇప్పుడు స్క్రూడ్రైవర్‌లో ఉంది. ఒక స్క్రూ పూర్తిగా బిగించి తర్వాత రెండోదానికి వెళితే ప్రాసెసర్ ఒక పక్కకి వాలి కూర్చుంటుంది. ఒక మూల కాంటాక్టులు సరిగ్గా తగలవు. మెషీన్ లేస్తుంది, కానీ ఎనిమిది మెమరీ ఛానళ్ళలో ఒకటి మాయం. చాలామంది మెమరీ పోయిందనుకుని దాన్ని మారుస్తూ రోజంతా గడుపుతారు. అందుకే లేబుల్ మీద 1, 2, 3, 4 అని అంకెలు వేశారు. ఆ వరసలో కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి, తీసేటప్పుడు ఆ వరస తిరగేసి తియ్యాలి. ఎంత బిగించాలి అన్నది చేతి అంచనాకి వదిలెయ్యలేదు. టార్క్ స్క్రూడ్రైవర్ అని ఉంటుంది, నిర్ణయించిన బిగువు రాగానే టక్కుమని జారి ఆగిపోతుంది. ఎపిక్‌కి తమ్ముడి లాంటి థ్రెడ్‌రిప్పర్‌ని 2017లో ఇళ్ళలో వాడేవాళ్ళకి అమ్మినప్పుడు ఏఎండీ ఆ పనిముట్టుని పెట్టెలోనే పెట్టి ఇచ్చింది, 1.5 న్యూటన్ మీటర్లకి సెట్ చేసి. ప్రాసెసర్ డబ్బాలో స్క్రూడ్రైవర్ ఎందుకిచ్చారు అని అప్పట్లో కొందరు నవ్వుకున్నారు. నాకైతే అది చాలా నిజాయితీ ఉన్న పని అనిపించింది. చేతి బలం మీద మాకు నమ్మకం లేదు అని కంపెనీ నేరుగా చెప్పినట్టు.

2022లో వచ్చిన ఎపిక్ సాకెట్‌కి 6096 కాంటాక్టులు, 2023 జనవరిలో వచ్చిన జియాన్‌కి 4677. ఒక్కో ప్రాసెసర్ తినే కరెంట్ 350, 400 వాట్ల దాకా వెళ్ళింది. గాలితో చల్లార్చడం కష్టమవుతోంది కాబట్టి చాలా డేటా సెంటర్లలో హీట్ సింక్ బదులు నీళ్ళు పారే పలక పెడుతున్నారు. అంటే ఐబీఎం 3081 మీద చూసిన పలకే, నలభై ఏళ్ళ తర్వాత. దాన్ని పెట్టేటప్పుడు ఇంకో కొత్త ప్రమాదం వచ్చి చేరింది, పైపుల కీళ్ళ దగ్గర లీకు. సర్వర్ గదిలోకి నీళ్ళు ఎలా వెళ్ళాయి, మధ్యలో ఎందుకు మానేశారు, మళ్ళీ ఎందుకు వచ్చాయి అన్నది వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.